పెద్దవంగరకు రాయబారము

గత సంక్రాంతికి పుట్టినింటినుండి నాకు పిలుపుతోపాటు ఒక పనియు వచ్చినది. పిలుపు మా వదినెగారిది. పని మా అన్నగారిది. “చెల్లె! పండుగకు నీవు తప్పక రావలెను. పిల్లకు నీ మాటయందు గురి. ఆ బొమ్మల చదువు మానుమని నీవు చెప్పినచో వినును” అని ఆయన ఫోనులో చెప్పెను. పుట్టినింటికి పోవుటకు ఆడుదానికి వేరొక కారణ మక్కరలేదు. కాని రాయబారమునకు పోవుట నాకిదే మొదటిసారి. రాయబారములు సాధారణముగా ఎట్లు ముగియునో భారతము చదివిన సోదరీమణులకు నేను చెప్పనక్కరలేదు.

మా కాపురము హనుమకొండలో. భోగినాటి ఉదయమున తొర్రూరు బస్సు ఎక్కితిని. 2023 డిసెంబరు నుండి తెలంగాణమున ఆడువారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో చార్జీ లేదు గనుక పండుగ బస్సులో ఎటు చూచినను ఆడువారే. నా ప్రక్కనున్న ముసలమ్మ కండక్టరిచ్చిన సున్నా టికెట్టును భద్రముగా కొంగున ముడివేసికొనెను. ఆమె ఒడిలోని గంపనుండి సకినాల వాసన వచ్చుచుండెను. వర్ధన్నపేట, రాయపర్తి దాటితిమి. దారికిరువైపుల కొన్ని మళ్లలో యాసంగి నాట్లు పడుచుండెను. కొన్ని చేలలో ఆఖరు తీతకు మిగిలిన పత్తి తెల్లగా కనబడుచుండెను. కళ్లములలో మిరపకాయ ఎర్రగా ఆరుచుండెను. ఈ రంగులను నేను ఏటేట చూచుచునే యున్నాను. చూచుట యనగా నేమో ఆనాటికి నాకు తెలియదని మాత్రము తరువాత తెలిసినది.

తొర్రూరునుండి పెద్దవంగర దగ్గరే. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ ఊరు మండలకేంద్రమై మహబూబాబాదు జిల్లాలో చేరినది. మా అమ్మ మాత్రము ఇప్పటికిని జిల్లాయన్న వరంగల్లే యనును. ఊరు చేరునప్పటికి ప్రొద్దెక్కినది. బొడ్రాయికి పసుపు కుంకుమలు పెట్టియున్నవి. వాకిళ్లలో ముగ్గులు, ముగ్గుల నడుమ గొబ్బెమ్మలు, వాని చుట్టు రేగుపండ్లు, నవధాన్యములు. మా వాకిట నా మేనకోడలు చతికిలబడి వాళ్లమ్మ వేసిన ముగ్గును చుక్కలు లెక్కపెట్టుచు పుస్తకములో దించుకొనుచుండెను. గడపలో నిలుచున్న మా అన్నగారు, “చూచితివా చెల్లె! వాకిట నున్న ముగ్గును పుస్తకములోని కెక్కించుచున్నది. ఇందుకేనా ఫీజు కట్టుట?” అనెను. కాళ్లు కడుగుకొనక మునుపే నాకు పని అప్పగింపబడినది.

మాది నేతవారి ఇల్లు. నడవలో గుంటమగ్గ ముండెడిది. నేను పుట్టి పెరిగినది ఆ మగ్గపు చప్పుడులోనే. గిట్టుబాటు లేక మా అన్నగారు కొన్నేండ్ల క్రిందట మగ్గమును విప్పివేసి, గుంటను సిమెంటుతో పూడ్పించెను. ఆ చోటనే ఇప్పుడు పిల్ల చదువుకొను బల్ల యున్నది. ఆ బల్లను చూచునపుడెల్ల నాకు రెండు తరముల బరువు దానిమీద నున్నట్లు తోచును.

భోజనముల యొద్ద మాట మొదలైనది. “మైనరును మార్చుకొనుటకు ఈ నెలతో గడువు తీరును” అని అన్నగారు అనగానే మా అమ్మ తలయెత్తి, “పిల్లకు పందొమ్మిదేండ్లు నిండినవి. ఓటుకూడ వచ్చినది. ఇంకను మైనరేమిటిరా?” అని అడిగెను. అందరము నవ్వితిమి. కాని అమ్మ అడిగినది న్యాయమైన ప్రశ్నయే. ఈ మాట మనలో చాలమందికి కొత్త.

విశ్వవిద్యాలయములో డిగ్రీ చదువు విద్యార్థి ఒక విషయమును ప్రధానముగా చదువును, అది మేజరు. దానికి తోడుగా మరియొక విషయమును, మొదటిదానితో సంబంధమున్నను లేకున్నను, కొన్ని తరగతులపాటు క్రమముగా చదువును, అది మైనరు. అమెరికాలో ఈ పద్ధతి చాలకాలమునుండి కలదు. మన దేశమున 2020 నాటి నూతన విద్యావిధానము ననుసరించి యూజీసీవారు 2022 డిసెంబరులో ఒక ప్రణాళిక ప్రకటించిరి. దాని ప్రకారము మూడేండ్ల డిగ్రీకి కనీసము 120 క్రెడిట్లు. అందు మేజరుకు 60, మైనరుకు 24. నాలుగేండ్ల డిగ్రీకి 160. అందు మేజరుకు 80, మైనరుకు 32. ఆంధ్రప్రదేశపు డిగ్రీ కళాశాలలలో 2023–24 నుండి ఒక మేజరు, ఒక మైనరు చొప్పున చదువు మొదలైనది. మా మేనకోడలు దూరపు విశ్వవిద్యాలయములో ఆర్థికశాస్త్రమును మేజరుగాను, కళాచరిత్రను మైనరుగాను గ్రహించినది. “అన్నము మేజరు, పచ్చడి మైనరు” అని మా వదినెగారు అమ్మకు తేల్చి చెప్పెను. “పచ్చడికి అప్పు చేయుదురా?” అని అన్నగారు.

ఆయన మాటను తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. కళాచరిత్రకు బదులు కంప్యూటరు విద్యను మైనరుగా తీసికొనిన పిల్లకు ఉద్యోగము త్వరగా దొరకునని ఆయన నమ్మకము. బ్యాంకు అప్పు తీరవలెను. తమ్ముడు వెనుక నున్నాడు. “కోటి విద్యలు కూటికొరకే. నేను ముప్పది ఏండ్లు రంగులలో బ్రతికినవాడను. రంగులు నాకు కూడు పెట్టలేదు. నా బిడ్డకు మాత్రము పెట్టునా?” అని ఆయన అడిగినప్పుడు నాయొద్ద బదులు లేకపోయినది. ఆ రాత్రియే పిల్లతో మాటాడుదునని ఒప్పుకొంటిని.

రాత్రి అమ్మ మంచముప్రక్కను చాపవేసికొని పడుకొంటిమి. చలి. “ఏమి చెప్పుదురే ఆ తరగతులలో?” అని అడిగితిని.

“మొదటి దినమున మా ఉపాధ్యాయిని ఒక శిల్పపు ఛాయాచిత్రమును గోడమీద వేసి, ఎవరిదో ఎప్పటిదో చెప్పక, పావుగంట ఊరక చూడుమన్నది అత్తమ్మా! తరువాత కంట బడినది మాత్రమే వ్రాయవలెను. బాగున్నదని వ్రాయరాదు; బాగులేదనియు వ్రాయరాదు. నాకు నాలుగు పంక్తులు దాటలేదు. చివరకు చూచిన, అది మన అమరావతి స్తూపములోని పలక. గుంటూరు సీమలోని రాయి. వందకు పైగా శిల్పములు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నున్నవి, మరి యెన్నియో చెన్నపట్టణపు మ్యూజియములో నున్నవి. తెలుగుదానినై యుండి నేను దానిని పోల్చలేకపోయితిని. తరగతిలో సిగ్గయినది.”

ఆ సిగ్గుతోనే ఆమె గ్రంథాలయమునకు పోయినదట. అమరావతి స్తూపమునకు రాళ్లు దానము చేసినవారి పేర్లు ఆ రాళ్లమీదనే చెక్కియున్నవనియు, అందు స్త్రీలు అనేకులనియు అక్కడ చదివినది. రాణులు మాత్రమే కాదు, గృహిణులు, భిక్షుణులు. తమ పేరుతోపాటు బిడ్డల పేర్లు, అక్కచెల్లెండ్ర పేర్లు చెక్కించినవారున్నారు. ఇంచుమించు రెండువేల ఏండ్ల క్రిందటి తెలుగునేలమీది ఆడువారి పేర్లు నేటికి చదువుకొన వీలగుట ఆ రాళ్లవలననే. ఈ శాస్త్రమును పెంచినవారిలోను స్త్రీలు కలరు. ఆస్ట్రియా దేశమునుండి వచ్చిన స్టెల్లా క్రామ్రిష్ కలకత్తా విశ్వవిద్యాలయములో 1950 వరకు భారతీయ కళను బోధించి, 1946లో హిందూదేవాలయమును గురించి రెండు సంపుటముల గ్రంథము ప్రకటించెను. మన కపిలా వాత్స్యాయన్ తాను నాట్యము నేర్చినది గనుక గుడిగోడల మీది నాట్యమును చదువగలిగెను. ఆమె గ్రంథము 1968లో వచ్చినది.

“అంతయు బాగుగనే యున్నది. ఉద్యోగము మాట?” అంటిని. రాయబారిని గదా!

పిల్ల దాచలేదు. “తక్కువే అత్తమ్మా. మ్యూజియములు, పురావస్తుశాఖ, పాత కట్టడములు బాగుచేయు పనులు, ఉపాధ్యాయవృత్తి. వానికైనను మైనరు చాలదు, పైచదువు కావలెను. నాకు కూడు పెట్టవలసినది ఆర్థికశాస్త్రమే. కాని ఈ 24 క్రెడిట్లును తీసివేసిన, ఆ పావుగంట చూచుట మరెవరును నాకు నేర్పరు” అనెను. అమ్మ నిద్రపోయినదనుకొంటిమి. “పడుకొనుడే” అని మంచముమీదినుండి వినబడినది.

కనుమనాడు పాలకుర్తికి పోయితిమి. బసవపురాణకర్త పాల్కురికి సోమనాథుని ఊరది. పోతన పేరు చెప్పుకొను బమ్మెర ఆ ప్రక్కనే. కొండమీద గుహలలో సోమేశ్వరస్వామియు, లక్ష్మీనరసింహస్వామియు వెలసియున్నారు. మెట్లమీద కూర్చుండి పులిహోర తినుచు పిల్ల చెప్పినది: సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో శ్రీశైలయాత్రకు పోవు జనుల ఆటపాటలను, బొమ్మలాటలను సహా వర్ణించెనట, కాకతీయులనాటి సామాన్యులు ఏమి చూచి ఆనందించిరో తెలిసికొనుటకు పండితులు నేటికిని ఆ గ్రంథమునే తెరచెదరట. “మా జాబితాలో ఫ్లారెన్సు నగరముకూడ నున్నది. కాని పాలకుర్తి పేరు తలచినప్పుడు ఇల్లు జ్ఞప్తికి వచ్చినది” అని నవ్వెను. మన మహబూబాబాదు జిల్లాలోనే బయ్యారము చెరువు కలదు. దానిని త్రవ్వించినది గణపతిదేవుని సోదరి మైలాంబ. ఆ చెరువు శాసనము కాకతీయుల వంశావళికి ముఖ్యమైన ఆధారములలో నొకటి. బయ్యారము చెరువని వినని వారు మా ప్రాంతమున లేరు. దాని వెనుక నున్న ఆడుదాని పేరు నేను ఆ మెట్లమీదనే మొదటిసారి వింటిని.

మరునాడు పిల్లను నాతో హనుమకొండకు తీసికొనిపోయితిని. ఇంటివారి ఎదుట చెప్పలేని బుద్ధులు నా ఇంట చెప్పవలెనని నా ఆలోచన. సాయంకాలము వేయిస్తంభముల గుడికి పోయితిమి. అది మా ఇంటికి నడకదూరము. పెండ్లియైన నాటినుండి కార్తికమున దీపములు పెట్టుచునే యున్నాను.

“ఇచట మూడు గర్భగృహములు గదా అత్తమ్మా, ఎవరెవరివి?” అని పిల్ల అడిగినది. శివుడు, విష్ణువు అని చెప్పి ఆగిపోయితిని. మూడవది సూర్యునిదట. 1163లో కాకతి రుద్రదేవుడు ఈ త్రికూటమును కట్టించెనని శాసనము చెప్పుచున్నది. నాలుగవ వైపున గర్భగృహము లేదు. ఆ వైపున నల్లరాతి నంది, నందికి ఆవల కల్యాణమండపము. అన్ని యేండ్లు ప్రదక్షిణము చేసినదానను, ఒక గడపను లెక్కింపనే లేదు. నాకును సిగ్గయినది. పిల్లకు అమరావతి యెదుట కలిగిన సిగ్గు ఎట్టిదో అప్పుడు తెలిసినది.

కల్యాణమండపమును కుంగిపోవుచున్నదని 2006 ప్రాంతమున విప్పి, మరల నిలబెట్టి, 2024 మార్చి 8న తెరచిరి. విప్పిన ప్రతి రాతికిని గుర్తు పెట్టి, ఏది ఎచటిదో తప్పక అచటనే చేర్చవలెను. మన ఇంట ఒక పాత పెట్టెను విప్పి బిగించునప్పుడే రెండు మేకులు మిగిలిపోవును! ఇంజనీరులు, స్థపతులు, శాసనములు చదువువారు, శిల్పపు తీరును గుర్తించువారు అందరును కలసినగాని ఇట్టి పని జరుగదు. “బాపునకు చెప్పవలసినది ఈ మాటయే” అని పిల్ల మండపపు స్తంభమును చేతితో తడవినది.

ఆ మరునాడు తెల్లవారకముందే రామప్పకు బయలుదేరితిమి. ములుగు దాటి జంగాలపల్లి కూడలిలో బస్సు దిగి, ఆటోలో పాలంపేటకు పోయితిమి. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఈ రుద్రేశ్వరాలయమును కట్టించెను. 2021 జూలై 25న యునెస్కోవారు దీనిని ప్రపంచవారసత్వ స్థలములలో చేర్చిరి. హైదరాబాదు సంస్థానమున పురావస్తుశాఖను నడపిన గులాం యజ్దానీ 1922లోనే పాలంపేట గుడులపై పుస్తకము ప్రచురించెను. కట్టించినవాని పేరు శాసనములో నున్నది. రామప్ప యనునది శిల్పి పేరని ఊరివారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. చెక్కినవాని పేరును జనుల నోరు కాపాడుట, దేవుని పేరుకు బదులు ఆ పేరే గుడికి నిలుచుట అరుదైన సంగతి.

గుడి ఆరడుగుల ఎత్తుగల నక్షత్రాకారపు అరుగుమీద నున్నది. గోడలు ఎర్ర ఇసుకరాయి. శిఖరము నీటిపై తేలు ఇటుకలతో కట్టినది. పైబరువు తగ్గించుటకై అంత తేలికగా వానిని చేసిరి. చూరుక్రింద, ఏటవాలుగా, దానిని మోయుచున్నట్లు నల్లరాతి మదనికలు. ఒక మార్గదర్శకుడు యాత్రికుల గుంపునకు ఒక మదనిక కాళ్లు చూపి, “ఆ కాలముననే మనవారు ఎత్తుమడమల చెప్పులు తొడిగిరి” అని చెప్పుచుండెను. అందరును ఫోనులెత్తి ఫోటో తీసికొని ముందునకు సాగిరి. నేనును కదలబోగా పిల్ల నా కొంగు పట్టుకొనెను. “చెప్పులని ఇప్పుడే తేల్చవద్దు అత్తమ్మా. పాదుకలు కావచ్చును, వేటకు పోవువారి తొడుగు కావచ్చును. ఇట్టిది ఈ కాలపు గుడులలో మరెక్కడ నున్నదో వెదకి, అప్పుడు చెప్పవలెను. ఇప్పుడు మాత్రము పావుగంట చూడుడు. మాటాడవద్దు.”

పాముతో నున్న మదనిక యెదుట నన్ను నిలబెట్టినది. మొదటి రెండు నిమిషములు నాకు ఇంటి పొయ్యి, పాలప్యాకెట్లు జ్ఞప్తికి వచ్చినవి. తరువాత, నగల వెనుక నీడ కనబడినది. హారమును ఒంటినుండి వేరుగా, క్రింద వెలుగు దూరునట్లు తొలిచియున్నారు. తరువాత, నడుము వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగినదో కనబడినది. రాయి తడిసిన ఒంటివలె మెరయుచుండెను. చివరకు, అంతవరకు నా యెదుటనే యున్నదానిని చూచితిని: వెనుక నంతయు ఎరుపు, ఆ ఎరుపుమీద ఈ నలుపు. గుడి యంతయు ఒక రాయి, ఈ బొమ్మలు మాత్రము వేరొక రాయి. “ఎర్రచీరకు నల్ల అంచు!” అని పైకే అనివేసితిని. నేతవారి ఆడుబిడ్డను; ఆ జోడింపు తెలియనిదానను కాను. పిల్ల నావైపు తిరిగి, “ఈ మాట మా పుస్తకములలో లేదు అత్తమ్మా” అని వ్రాసికొనెను. నా జన్మలో నా మాటను ఒకరు వ్రాసికొనుట అదియే మొదలు.

గోడలమీద, స్తంభములమీద, దూలములమీద నాట్యము చేయువారు, మద్దెలలు వాయించువారు. ఈ బొమ్మలనుండి, జాయపసేనాని నృత్తరత్నావళినుండి నటరాజ రామకృష్ణగారు పేరిణి నృత్యమును మరల నిలబెట్టిరని మనకు తెలియును. “అయితే శిల్పులు ఆ గ్రంథము చూచియే చెక్కిరన్నమాట” అంటిని. పిల్ల తల అడ్డముగా త్రిప్పెను. “గుడి 1213. గ్రంథము 1253–54. నలుబది ఏండ్లు ముందు వెనుక. చెక్కినవారు గ్రంథమును చూచియుండరు. గ్రంథము వ్రాసినవాడే ఈ గుడిని చూచియుండవచ్చును. ఉండవచ్చునని మాత్రమే చెప్పవలెను, చూచెనని చెప్పరాదు” అనెను. పదియు ఇరువదియు కలిపినంత సులభమైన లెక్క. కాని అంతవరకు నాకు తోచలేదు. మెప్పుదల వచ్చిన చోటనే ఆగిపోక, ఏది ముందు, ఏది వెనుక, దేనిని రూఢిగా చెప్పవచ్చును, దేనిని చెప్పరాదు అని అడుగు అలవాటు ఆ పిల్లకు వచ్చినది. ఈ అలవాటు ఆర్థికశాస్త్రమునకు చెరుపు చేయునని ఎవరనగలరు?

తిరిగి పెద్దవంగర చేరునప్పటికి చీకటి పడినది. అన్నగారు నా ముఖము చూచి రాయబారము చెడినదని గ్రహించెను కాబోలు, ఏమియు అడుగలేదు. భోజనములయినవి. “నీ చదువులో మన సంగతు లేమైన ఉన్నవా, అన్నియు రాజులవేనా?” అని అమ్మ మనుమరాలిని అడిగినది. పిల్ల ఫోను తెచ్చి ఒక బొమ్మ చూపినది. ఒక సంగ్రహాలయములోని పటము. ఎర్రని నేలమీద వరుసలు వరుసలుగా బొమ్మలు.

అమ్మ అద్దములు సవరించుకొని చూచినది. ఒక్క నిమిషము. “భావనాఋషి! పులిమీద నున్నాడు గదా!” అని లేచి కూర్చున్నది. ఇక ఆమెను ఆపుట ఎవరి తరము కాలేదు. ఆమె చిన్ననాడు కూనపులివారు పటము చుట్టతో వచ్చి, మగ్గముల వాడలో గుంజలు పాతి, పటమును కొంచెము కొంచెముగా విప్పుచు రాత్రులంతయు మార్కండేయ పురాణము చెప్పెడివారట. మార్కండేయుని యజ్ఞమున భావనాఋషి పుట్టుట, విష్ణువు నాభికమలపు నారతో దేవతలకు బట్ట నేయుట, సూర్యుని కూతురు భద్రావతిని పెండ్లాడుట. “సూర్యుడు మన కులమునకు పిల్లనిచ్చిన మామ. ఆయన గడప నీ ఊరి గుడిలోనే యుండగా నీవు ఎరుగకుంటివా?” అని నన్ను మందలించినది. పిల్ల నా సంగతి అమ్మకు అప్పుడే చెప్పివేసినది!

ఆ పటములు వ్రాయువారు చేర్యాల నకాషీ కుటుంబములవారు. బట్టకు చింతగింజల గంజి, తెల్లమన్ను, బంక పట్టించి, ఆరిన తరువాత దానిమీద బొమ్మలు వ్రాయుదురు. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క పురాణము, ఆ పురాణమును చెప్పుకొను వేరొక కులము. హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియములో 17వ శతాబ్దమునాటి పటముకూడ కలదు. చినిగిన పటమును నదిలో కలుపుట ఆచారము గనుక పాతవి మిగులుట అరుదు.

అంతవరకు గోడకానుకొని వినుచున్న అన్నగారు చేయి చాచి ఫోను తీసికొనెను. బొమ్మను పెద్దది చేసి మగ్గమున్న చోట ఆపెను. చాలసేపు చూచెను. ఆయనకు పావుగంట చూడుమని ఎవరును చెప్పలేదు. “ఈ బొమ్మ వ్రాసినవాడు మగ్గమెక్కినవాడు కాడు” అనెను. “పడుగు ఇట్లు కట్టిన నేయువాడు కాళ్లెక్కడ పెట్టును? నాడె విసరుటకు చేతికి చోటేది? వీడు మగ్గమును ప్రక్కన నిలుచుండి చూచినవాడు. కాని బాగుగా చూచినాడు. పడుగు పోగులను విడివిడిగా వ్రాసినాడు.”

పిల్ల నోరు తెరచికొని తండ్రినే చూచుచుండెను. “బాపూ, మరల చెప్పుము” అని కలము తీసినది. ఆయన మరల చెప్పెను. కాలితో తొక్కు చెక్కలు, అచ్చు, కండె అన్నింటిని, గుంట పూడ్చిన ఆ సిమెంటు నేలమీద సుద్దతో గీచి చూపెను. మగ్గము విప్పిన నాటినుండి ఆయన నోట ఆ మాటలు నేను వినలేదు. మా వదినెగారు గిన్నెలు విడిచి వచ్చి తలుపునొద్ద నిలుచున్నది. “కండెలు చుట్టినదానను నేను, పడుగుకు గంజి పెట్టినది మీ వదినె. ఆ బొమ్మలలో రాట్నము ముందు ఆడుదున్నదా లేదా, అది చూడుడు” అని అమ్మ అనెను. ఆ సంవత్సరమున పిల్ల వ్రాయవలసిన వ్యాసమునకు ఆ ప్రశ్నయే విషయమైనది.

ఆ రాత్రి అన్నగారు ఏ మాటయు తేల్చలేదు. మరునాడు నేను బస్సుకు పోవునప్పుడు సంచి మోసికొని వచ్చుచు, “మేజరులో మార్కులు తగ్గరాదు. కంప్యూటరు పని వేసవి సెలవులలో నేర్చుకొనవలెను. ఈ రెండింటికి ఒప్పుకొన్నది. మైనరును అట్లే యుండనిమ్మంటిని” అనెను. కొంతదూరము నడచి, “పచ్చడి లేక అన్నము దిగదు గదా” అని తానే అనెను. అప్పు అట్లే యున్నది; తీరువరకు ఆయన మనసు కుదుటపడదు. పిల్లకు ఏ ఉద్యోగము వచ్చునో నేనును చెప్పజాలను. బిడ్డలు ఇట్టి చదువు కోరినప్పుడు ఉద్యోగము మాట తప్పక అడుగవలసినదే. కాని ఆ ప్రశ్నతోపాటు, ఆ చదువులో ఏమి చూపుదురో మాకును ఒకసారి చూపుమని అడిగినచో నష్టము లేదని సోదరీమణులకు నా మనవి. నేను మాన్పింప బోయినదానను, రెండు పూటలు చూచి వచ్చితిని.

హనుమకొండ చేరిన సాయంకాలము వేయిస్తంభముల గుడికి పోయితిని. వాడుక చొప్పున శివునికి మ్రొక్కి, మూడవ గడపయొద్ద మా అమ్మ పేర ఒక పువ్వు పెట్టి, అచట పావుగంట నిలుచుంటిని.